బాప్తిస్మపు రిజిస్టర్లు, దైవ సంరక్షణ వాదము: సార్థకతా పరీక్ష చరిత్రలో ఒక అధ్యాయము

సాంఖ్యక శాస్త్రము అనగానే మన వేదాంత కళాశాలల విద్యార్థులకు థీసిస్ కొరకు పంచిపెట్టే ప్రశ్నావళి, దాని చివర వేసే శాతముల పట్టిక గుర్తుకు వస్తాయి. అది లౌకిక విశ్వవిద్యాలయముల నుండి మనము అరువు తెచ్చుకొన్న పనిముట్టు అనే అభిప్రాయము కూడా ఉన్నది. చరిత్ర చూస్తే సంగతి వేరు. "సార్థకతా పరీక్ష"కు మొదటి ఉదాహరణగా చరిత్రకారులు సాధారణముగా చూపే వ్యాసము 1710 నాటిది. దాని విషయము దైవ సంరక్షణ. దాని ఆధారము లండను నగర సంఘముల బాప్తిస్మపు లెక్కలు. ఆ వాదము ఎంతవరకు నిలిచినదో, ఎక్కడ జారినదో బోధకులమైన మనము తెలిసికొనుట అవసరమని తలంచి ఈ వ్యాసము వ్రాస్తున్నాను. ఎందుకనగా అదే జారుడు మన ప్రసంగ వేదికల మీద నేటికీ జరుగుచున్నది.

లెక్కలు ఎక్కడివి?

ఇంగ్లాండులో ప్రతి పారిష్ సంఘము బాప్తిస్మములను, వివాహములను, సమాధులను రిజిస్టరులో వ్రాయవలెనని 1538లో థామస్ క్రాంవెల్ ఆజ్ఞ ఇచ్చాడు. లండనులో ప్లేగు భయము వలన పారిష్ గుమాస్తాలు వారము వారము మరణముల పట్టికలను అచ్చు వేయించేవారు. 1629 నుండి ఆ పట్టికలలో బాప్తిస్మము పొందిన మగశిశువులను, ఆడశిశువులను వేరువేరుగా చూపసాగారు. ఊరిలో జబ్బు పెరుగుతున్నదా తగ్గుతున్నదా అని చూచుకొని జనము ఆ కాగితములను పారవేసేవారు. జాన్ గ్రాంట్ అనే చిల్లర సరుకుల వర్తకుడు మాత్రము వాటిని కూడబెట్టి 1662లో ఒక చిన్న పుస్తకము వెలువరించాడు. జనసంఖ్య లెక్కించి దావీదు శిక్ష పొందిన సంగతి (2 సమూయేలు 24) తనను కొంతకాలము వెనుకాడజేసినదని ఆయన చెప్పుకొన్నాడు.

గ్రాంట్ చేసిన ఒక పని నేటి నమూనా సర్వేలకు పూర్వరూపము. లండను జనాభా ఎంతో ఆ రోజులలో ఎవరికీ తెలియదు. నగరమంతా తిరిగి లెక్కించుట ఆయన వలన కాదు. కోట గోడల లోపలి కొన్ని పారిష్‌లలో విచారించి, ఏడాదికి 11 కుటుంబములకు 3 మరణముల చొప్పున కలుగుచున్నవని గ్రహించాడు. నగరములో ఏటా సుమారు 13,000 సమాధులు గనుక కుటుంబములు దాదాపు 48,000 ఉండవలెను. కుటుంబమునకు ఎనిమిదిమంది చొప్పున వేసి, 3,84,000 మంది అని తేల్చాడు. కొన్ని పారిష్‌లు నగరమంతటికి ప్రతినిధులు కాగలవా అన్న ప్రశ్న అడగవలసినదే. గోడల లోపలి ఇండ్లు వేరు, బయటి పేటలు వేరు. అయినను కొంత చూచి అంతటిని గురించి మాట్లాడే మార్గము అక్కడ తెరువబడినది.

ఆడశిశువుల కంటె మగశిశువులు ఎక్కువగా పుట్టుచున్నారని కూడా గ్రాంట్ గమనించాడు. లండనులో 13 మంది ఆడశిశువులకు 14 మంది మగశిశువులని ఆయన లెక్క.

ఆర్బత్‌నాట్ వాదము

జాన్ ఆర్బత్‌నాట్ (1667-1735) స్కాట్లాండు దేశస్థుడు. ఆయన తండ్రి ఎపిస్కోపల్ పాదిరి. 1688 విప్లవము తరువాత కొత్త సంఘ పరిపాలనకు లోబడనందున తన సంఘమును పోగొట్టుకొన్నాడు. కుమారుడు వైద్యుడై ఆన్ రాణికి ఆస్థాన వైద్యుడయ్యాడు. జోనాథన్ స్విఫ్ట్, అలెగ్జాండర్ పోప్‌లకు మిత్రుడు, హాస్య రచయిత. పాచికల ఆటలలోని లెక్కలను గూర్చి హాయ్‌గెన్స్ వ్రాసిన గ్రంథమును 1692లోనే ఇంగ్లీషులోకి తెచ్చాడు. జూదము లెక్క తెలిసిన ఈ వైద్యుడు దైవ సంరక్షణను స్థాపించే వాదమును రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

వాదము సులువుగానే అర్థమవుతుంది. మగబిడ్డ, ఆడబిడ్డ పుట్టుట కేవలము యాదృచ్ఛికము అనుకొందాము. రూపాయి బిళ్ళ ఎగురవేస్తే బొమ్మా బొరుసూ పడినట్లు. అప్పుడు ఒక సంవత్సరములో మగశిశువులు ఎక్కువగుటకు సగము అవకాశము, ఆడశిశువులు ఎక్కువగుటకు సగము అవకాశము. 1629 నుండి 1710 వరకు 82 సంవత్సరముల లెక్క ఆయన యొద్ద ఉన్నది. 1629లో 5,218 మంది మగశిశువులు, 4,683 మంది ఆడశిశువులు బాప్తిస్మము పొందారు. 1703లో తేడా బాగా తగ్గి 7,765కు 7,683 అయినది. అప్పుడును మగవారిదే పైచేయి. ఇట్లు 82 ఏండ్లలో ఒక్క ఏడు కూడా తప్పలేదు. బిళ్ళను 82 సారులు ఎగురవేస్తే 82 సారులూ బొమ్మే పడుటకు ఎంత అవకాశము? 48 ప్రక్కన 23 సున్నలు పెట్టితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. కాబట్టి ఇది యాదృచ్ఛికము కాదు, దేవుని ఏర్పాటు అని ఆయన తీర్మానించాడు. జీవనోపాధి కొరకు అపాయములకు లోనగుచు మగవారు ఎక్కువమంది మరణిస్తారు గనుక సృష్టికర్త ముందుగానే వారిని కొంచెము ఎక్కువగా పుట్టించి, పెండ్లి యీడుకు ఒకరికి ఒకరుగా సరిపెట్టుచున్నాడనీ, అందువలన బహుభార్యాత్వము ప్రకృతి ధర్మమునకు విరుద్ధమనీ కూడా చెప్పాడు.

నేటి విద్యార్థి పాఠ్యపుస్తకములో చదివే అంగములు ఇందులో ఉన్నవి. మొదట "విశేషమేమియు లేదు" అనే ఊహ. దీనిని శూన్య పరికల్పన అంటారు. తరువాత ఆ ఊహే నిజమైతే మన కంటికి కనబడిన లెక్క రావడానికి ఎంత సంభావ్యత అని గుణించుట. అది మరీ చిన్నదైతే ఊహను త్రోసివేయుట.

ఆధారమును ఒకసారి తట్టి చూద్దాము. ఆర్బత్‌నాట్ జననములను లెక్కించలేదు, స్థాపిత సంఘములో జరిగిన బాప్తిస్మములను లెక్కించాడు. కాథలిక్కులు, యూదులు, క్వేకర్లు, ఇతర స్వతంత్ర సంఘములవారు ఈ పట్టికలో లేరు. బాప్టిస్టులు శిశువులకు బాప్తిస్మమే ఇయ్యరు. (1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒంగోలు మిషనువారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మనకు తెలిసినదే. ఆ రిజిస్టరును బట్టి ఆ ఏటి జననములను లెక్కింపబోతే ఏమగునో ఊహించుకొనవచ్చును.) అంతర్యుద్ధము, క్రాంవెల్ పాలన నడిచిన దినములలో పట్టికలోని సంఖ్యలు పడిపోయాయి. 1650లో నమోదైన మగశిశువులు 2,890 మంది మాత్రమే. లండను స్త్రీలు కనుట మానలేదు. రిజిస్టరు వ్రాయు ఏర్పాటు చెదిరిపోయినది.

మరి ఈ నమూనా పనికిరానిదా? ఎంతమంది తప్పిపోయారన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. తప్పిపోవుటకును, మనము కొలిచే విషయమునకును సంబంధమున్నదా అని అడగవలెను. క్వేకరు ఇంట మగబిడ్డ అయినా ఆడబిడ్డ అయినా ఇద్దరూ పట్టికలో ఉండరు. కాబట్టి నిష్పత్తి పెద్దగా చెడదు. కుమారులను గుడికి తెచ్చి కుమార్తెలను ఇంటనే ఉంచే అలవాటు ఉంటే మాత్రము ఎనభై రెండు ఏండ్ల లెక్క కూడా మోసగిస్తుంది. విద్యార్థులు దీనిని గట్టిగా పట్టుకొనవలెను. "మన సంఘములలో యౌవనస్థుల ప్రార్థనా జీవితము" అని థీసిస్ పేరు పెట్టి, ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుమ్మము వద్ద ప్రశ్నావళి పంచితే, ఆరాధనకు రాని యౌవనస్థుడు ఎన్నడును అందులో పడడు. అక్కడ నాలుగు వందలమంది జవాబిచ్చినా ఆ లోటు తీరదు.

పద్దెనిమిది ముఖములు, పదునేడు ముఖములు

వ్యాసమునకు మంచి పేరు వచ్చినది. అప్‌మిన్‌స్టర్ సంఘ కాపరి విలియం డెరమ్ సృష్టిని బట్టి సృష్టికర్తను చూపుచు 1713లో ప్రకటించిన తన గ్రంథములో దీనిని వాడుకొన్నాడు. డచ్చి పండితుడు స్‌గ్రావెసాండె ఆ లెక్కను ఇంకా బిగించాడు.

అయితే 1712లో లండను వచ్చిన స్విస్ గణితవేత్త నికొలస్ బెర్నూలీ ఒక అడ్డు ప్రశ్న వేశాడు. యాదృచ్ఛికము అంటే సగము సగమే కానక్కరలేదు గదా! 35 ముఖముల పాచిక ఒకటి ఉన్నదనుకొనుము. 18 ముఖములు మగబిడ్డవి, 17 ఆడబిడ్డవి. ఏటా 14,000 సారులు వేస్తే సగటున 7,200 మంది మగవారు, 6,800 మంది ఆడవారు వస్తారు. తేడా 400. అంత పెద్ద సంఖ్య మీద అదృష్టము వలన వచ్చే ఊగిసలాట సాధారణముగా 120 లోపుననే ఉంటుంది. కాబట్టి ఏటేటా మగవారే ఎక్కువగుటలో వింత లేదు. పాచిక వేసినందుననే అది జరుగుతుంది. ఆర్బత్‌నాట్ "సమాన పాచిక"ను త్రోసివేశాడు, అది సరియే. కాని పాచికలన్నిటిని త్రోసివేశాననుకొన్నాడు.

ఇది ఈ చరిత్రలో నాకు ముఖ్యముగా తోచే ఘట్టము. పరీక్ష ఒక నిర్దిష్టమైన ఊహను మాత్రమే కాదనగలదు. ఆ ఖాళీ అయిన కుర్చీలో ఎవరు కూర్చుండవలెనో అది చెప్పదు. ఆర్బత్‌నాట్ ఒక ఊహను లేపి వెంటనే దైవ సంరక్షణను అక్కడ కూర్చుండబెట్టాడు, మధ్యలో మరెవరైనా ఉన్నారేమో చూడలేదు. మరొక పొరపాటు కూడా ఈ లెక్కల చుట్టూ తిరుగుతుంది. ఊహ నిజమైతే ఈ లెక్క వచ్చుటకు ఎంత సంభావ్యత అన్నది ఒకటి, ఈ లెక్క వచ్చినది గనుక ఊహ నిజమగుటకు ఎంత సంభావ్యత అన్నది మరొకటి. రెండవ ప్రశ్నకు దారి వేసిన థామస్ బేయ్స్ టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో ప్రెస్బిటేరియన్ బోధకుడు. ఆయన మరణించిన తరువాత 1763లో దానిని ప్రచురింపజేసిన రిచర్డ్ ప్రైస్ కూడా బోధకుడే. "దేవుడు లేడనుటకు కోటి కోట్లలో ఒక్క వంతే అవకాశము" అని చెప్పే ప్రసంగీకుడు మొదటి సంఖ్యను తీసికొని రెండవ ప్రశ్నకు జవాబుగా చదువుచున్నాడు.

బెర్నూలీకి విశ్వాసుల పక్షమున జవాబు రాకపోలేదు. ఫ్రాన్సు నుండి లండనుకు వలస వచ్చిన హ్యూగెనో కుటుంబపు గణితవేత్త అబ్రహాం డి మావ్ర్, ఆ పాచికకు 18 ముఖములు, 17 ముఖములు పెట్టినదెవరు అన్న భావముతో వాదించాడు. స్థిరమైన నిష్పత్తి ఉండుటయే ఏర్పాటుకు గురుతని ఆయన తలంపు. ప్రష్యా సైన్యములో పాదిరిగా ఉన్న యోహాన్ పీటర్ జూస్‌మిల్హ్ 1741లో ఎన్నో సంఘముల రిజిస్టర్లు సేకరించి, 20 మంది కుమార్తెలకు 21 మంది కుమారులని లెక్క తేల్చి, జనన మరణములలోని దైవ క్రమమును గూర్చి పెద్ద గ్రంథము వ్రాశాడు. జనాభా శాస్త్రమునకు అది పునాదులలో ఒకటి. వీరి మాటలలో వేదాంతము ఉన్నది. అయితే అది ఇక పరీక్ష ఫలితము కాదు. ముఖములు 18, 17 ఎందుకున్నవి అన్నదానికి జీవశాస్త్రజ్ఞులలో రోనాల్డ్ ఫిషర్ 1930లో ఒక ప్రసిద్ధమైన వివరణ ఇచ్చాడు. సంరక్షణ సిద్ధాంతము ద్వితీయ కారణములను ఎన్నడును కాదనలేదు గనుక మనకు దానితో తగవు లేదు. తగవు పడేది, సంరక్షణను 82 సారుల బొమ్మ బొరుసుల మీద ఆనించినవారికే.

అదే కత్తి, రెండవ వైపు

నూట అరువది ఏండ్ల తరువాత ఫ్రాన్సిస్ గాల్టన్ అవిశ్వాసి పక్షమున ఇదే పని చేశాడు. ఇంగ్లాండులో ప్రతి ఆదివారము రాజకుటుంబపు దీర్ఘాయువు కొరకు ప్రార్థన జరుగుతుంది. ప్రార్థన ఫలించేదైతే వారు ఎక్కువ కాలము బ్రదుకవలెను గదా అని 1872లో లెక్క తీశాడు. రాజవంశీయులు 97 మంది సగటు ఆయువు 64.04 ఏండ్లు, పాదిరులు 945 మందికి 69.49, న్యాయవాదులు 294 మందికి 68.14. రాజులే వెనుకబడ్డారు. అందుచేత ప్రార్థన నిష్ఫలమని సూచించాడు.

రాజుల భోజనము వేరు, వివాహ సంబంధములు వేరు, పెంపకము వేరు. పాదిరులతో పోల్చుటకు సమానమైన గుంపు కాదు. ప్రార్థనను తీసివేసి మిగిలినదంతా ఒక్కటిగా ఉంచిన రాజులు ఆయనకు దొరకలేదు. ఆర్బత్‌నాట్ ఒక తేడా చూచి "దేవుడే" అన్నాడు, గాల్టన్ మరొక తేడా చూచి "దేవుడు కాదు" అన్నాడు. ఇద్దరూ మధ్యనున్న కారణములను దాటిపోయారు. మానవులను వంశము బట్టి మేలిరకము, నాసిరకము అని విభజింపజూచిన సుజనన వాదమునకు పేరు పెట్టినవాడు కూడా గాల్టనే. లెక్క తెలిసినంత మాత్రమున న్యాయము తెలియదు.

గాల్టనుకు దొరకని సమాన గుంపులను తయారు చేసే మార్గము చూపినవాడు పైన చెప్పిన ఫిషర్. ఆయన 1919 నుండి రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రములో పనిచేశాడు. ఏ మడికి ఏ ఎరువు వేయవలెనో శాస్త్రజ్ఞుడు ఎంచుకొంటే అతనికి తెలియకనే మంచి మడికి తన ఎరువు వేస్తాడు. కనుక చీట్లు వేయవలెనన్నాడు. (చీట్లు అనగానే మత్తీయ ఎన్నిక, అపొస్తలుల కార్యములు 1:26, పాఠకులకు గుర్తు రావచ్చును. ఫిషర్ ఆంగ్లికన్ సంఘస్థుడు, కేంబ్రిడ్జిలో తన కళాశాల చాపెల్‌లో అప్పుడప్పుడు ప్రసంగించినవాడు. అయినను చీట్ల విషయములో ఆయన ఉద్దేశము వేరు: మనుష్యుని పక్షపాతమును తప్పించుట.) 1935 నాటి గ్రంథములో ఆయన చెప్పిన టీ ఉదాహరణ అందరికీ తెలియదగినది. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూచి చెప్పగలనని ఒక స్త్రీ అంటున్నది. ఎనిమిది కప్పులలో నాలుగు ఒక విధముగా, నాలుగు మరొక విధముగా కలిపి, వరుస తెలియకుండ ఇయ్యవలెను. ఎనిమిదిలో నాలుగింటిని ఎంచుటకు 70 విధములున్నవి. ఊరక ఊహించి అన్నీ సరిగా చెప్పే అవకాశము 70లో 1. అది 20లో 1 కంటె తక్కువ గనుక ఆమె మాటకు విలువనిస్తాము. ఈ 20లో 1, అనగా నూటికి 5, వాడుక సౌలభ్యము కొరకు ఫిషర్ పెట్టిన గీత. ఆయన యొద్ద కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసిన మన తెలుగువాడు సి. ఆర్. రావు (1920-2023) వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి కలకత్తాకు వెళ్ళినవాడు. 1948లో ఆయన ప్రతిపాదించిన పరీక్ష నేటికీ ఆయన పేరు మీదనే వాడుకలో ఉన్నది.

ఆ గీతను వేదిక మీదికి ఎట్లు తెస్తున్నామో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 393 మంది హృద్రోగుల మీద ర్యాండల్ బర్డ్ జరిపిన అధ్యయనము 1988లో అచ్చయినది. ఎవరి కొరకు ప్రార్థించవలెనో చీటి వేసినట్లే నిర్ణయించారు. "విజ్ఞాపన ప్రార్థన శాస్త్రీయముగా రుజువైనది" అని దీనిని ఎన్నో సభలలో విన్నాము. ఆయన పాతికకు పైగా అంశములు కొలిచాడు. ఆరింటిలో మాత్రమే ప్రార్థన పొందిన గుంపు మెరుగుగా కనబడినది. ఆ అంశములు ఒకదానితో ఒకటి ముడిపడినవి. మరణములలో, ఆసుపత్రిలో గడిపిన దినములలో తేడా తేలలేదు. ఇరువదికి ఒకటి చొప్పున అదృష్టము చేతనే గీత దాటే పరీక్షను ఇన్నిసారులు వేస్తే కొన్ని దాటుతాయి. తరువాత 2006లో ఆరు ఆసుపత్రులలో 1,802 మంది గుండె శస్త్రచికిత్స రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనము ప్రకటింపబడినది. ప్రార్థన జరుగునో లేదో తెలియని రెండు గుంపులలో చిక్కులు కలిగినవారు 52 శాతము, 51 శాతము. తమ కొరకు ప్రార్థన జరుగుచున్నదని తెలిసినవారిలో 59 శాతము. మొదటి ఫలితమును ప్రసంగములో వాడుకొన్నవారు రెండవదానిని కూడా సంఘమునకు చెప్పవలెను గదా! లేదా రెంటిని గూర్చి ఒకే ప్రశ్న అడగవలెను: ఈ పరీక్ష దేనిని కాదనగలదు? ఆ రోగుల కొరకు వారి తల్లులు, భార్యలు ఇంటివద్ద ప్రార్థింపకుండ ఏ పరిశోధకుడు ఆపగలడు? దేవుని చిత్తము చీటి ప్రకారము రెండు గుంపులుగా విడిపోవునా?

మన దేశములో ఆ నిష్పత్తి

ఆర్బత్‌నాట్ లెక్కించిన నిష్పత్తిని ఇంతటితో విడువలేము. స్వాభావికముగా 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు పుడతారు. అనగా 1,000 మంది మగవారికి 952 మంది ఆడవారు. భారత జనాభా లెక్కలలో ఆరేండ్ల లోపు పిల్లలలో ఈ సంఖ్య 1961లో 976, 1991లో 945, 2001లో 927. 2011లో 920కి కూడా చేరలేదు. కోట్లాది పిల్లల లెక్క గనుక ఇది అదృష్టపు ఊగిసలాట కాదు. అయితే కారణమేమి? ఇక్కడ పరిశోధకులు ఆర్బత్‌నాట్ వలె వెంటనే దూకలేదు. 11 లక్షల గృహముల సర్వేను ఆధారము చేసికొని 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనము, మొదటి బిడ్డ ఆడపిల్ల అయిన ఇండ్లను వేరు చేసి చూచినది. అక్కడ రెండవ కాన్పులో 1,000 మంది మగశిశువులకు 759 మంది ఆడశిశువులే. మొదట మగబిడ్డ ఉన్న ఇండ్లలో ఈ కొరత కనబడలేదు. తల్లి ఆహారమో, వాతావరణమో కారణమైతే మొదటి బిడ్డ ఎవరో చూచి పని చేయదు. స్కానింగు గది వైపు వేలు చూపినది ఆ పోలికయే. లింగ నిర్ధారణను నిషేధించే చట్టము అప్పటికే, 1994లోనే, వచ్చినది.

మన సంఘ సభ్యుల ఇండ్లు ఇందుకు మినహాయింపా? మినహాయింపే అని మనము సాధారణముగా అనుకొంటాము. దీనిని తెలిసికొనుటకు కావలసిన పుస్తకములు మన వెస్ట్రీ గదుల బీరువాలలోనే ఉన్నవి: సి.ఎస్.ఐ., లూథరన్ సంఘములలో శిశు బాప్తిస్మపు రిజిస్టర్లు, బాప్టిస్టు సంఘములలో శిశు ప్రతిష్ఠల పుస్తకములు. ఒక్క పాస్టరేటు లెక్క చాలదు. పదిమంది శిశువులలో ఏడుగురో అంతకు మించియో ఒకే లింగమువారగుట మూడేండ్లకు ఒకసారి ఊరకనే జరుగుతుంది. 952కును 927కును మధ్య తేడా తేల్చవలెనంటే ఇరువది వేలకు పైగా పేర్లు కావలెను. ఏడాదికి ఇరువది బాప్తిస్మములు జరిగే నూరు పాస్టరేట్లు పదేండ్ల రిజిస్టర్లు కలిపితే దాదాపు అంత లెక్క కూడుతుంది. ఒక డయోసిస్‌కు ఇది అసాధ్యమేమీ కాదు, ఒక యం.టిహెచ్. విద్యార్థి రెండేండ్ల పని. లెక్కకు కూర్చునే ముందు ఆ విద్యార్థి ప్రతి పాస్టరేటులోను ఒక సంగతి విచారించుకొనవలెను. కుమారుని తెచ్చినంత త్వరగా కుమార్తెను బాప్తిస్మమునకు తెస్తున్నారా అని.